కనబడకు నాయనా

తడి దుప్పటి రెండు మూలలూ పట్టుకుని ఒక్కసారి విదిలించి, అంచు సరిచేసి ఇస్త్రీ మెషిన్ రోలర్ల మీద పెట్టాలి. పెట్టగానే చేతులు వెనక్కి తీసేసుకోవాలి. అంచు లోపలికి పోయాక మనం పట్టుకున్నా అది ఆగదు. ఒక మూల ఇమ్మాన్యుయేల్, ఇంకో మూల ఫిలిప్పీన్స్ నుంచి వచ్చిన పెద్దావిడ. ఆవిడ తక్కువ మాట్లాడుతుంది, అతను అసలే మాట్లాడడు. పొద్దుటి నుంచీ ఊళ్లోని ఆసుపత్రుల దుప్పట్లన్నీ వాళ్లిద్దరి మధ్య నుంచే సాగిపోతున్నాయి. బయట మార్చి వచ్చినా మంచు గడ్డకట్టే ఉంది. లోపల మాత్రం ఆవిరికి చొక్కా ఒంటికి అంటుకుపోయి, బాపట్లలో మే నెల మధ్యాహ్నంలా ఉంటుంది. విన్నిపెగ్ మొత్తంలో అతనికి సొంత ఊరు గుర్తొచ్చే చోటు ఈ లాండ్రీ ఒక్కటే.

ఫోటోల్లో ఇమ్మాన్యుయేల్ ఎప్పుడూ చివర్నే ఉంటాడు, సగం భుజం తెగిపోయి. సన్నటి మనిషి, చెవులు కొంచెం పెద్దవి, నవ్వితే పన్ను మీద పన్ను కనబడుతుంది. రమ్మంటే వస్తాడు, కూర్చోమంటే కూర్చుంటాడు. నోట్లో నాలుక లేనివాడని చిన్నప్పటి నుంచీ అంటారు. చీరాలలో ఒక డయాగ్నొస్టిక్ సెంటర్లో ఏళ్ల తరబడి జనానికి రక్తం తీశాడు. సూది గుచ్చినట్టే తెలియదని మెచ్చుకునేవాళ్లు గానీ అతని పేరేమిటని అడిగినవాళ్లు లేరు. పెళ్లి కూడా ఆలస్యంగానే అయింది. ఇంగ్లీషు పరీక్ష ఐఈఎల్టీఎస్‌లో మంచి బ్యాండ్లు తెచ్చుకున్న స్టెఫీకి తోడుగా కెనడా వెళ్లే మనిషి కోసం పెద్దవాళ్లు వెతుకుతుంటే ఇతను దొరికాడు. ఆవిడకి బ్యాండ్లొచ్చాయి, మావాడికి ఆవిడొచ్చింది అని పెళ్లిలో బాబాయి వేళాకోళం చేస్తే, అందరితోపాటు తనూ నవ్వాడు.

స్టెఫీ కాలేజీ సీటుతో టొరంటో వస్తే, ఆమె వెనకాలే స్పౌజ్ పర్మిట్ మీద అతను వచ్చాడు. ఆ రోజుల్లో విమానాల నిండా విద్యార్థులే, ఏ బస్సెక్కినా నాలుగు సీట్ల అవతల తెలుగు వినబడేది. నార్త్ యార్క్‌లో మరో రెండు కుటుంబాలతో కలిసి ఒక కాండో ఫ్లాట్లో ఉన్నారు. అక్కడే పిల్ల పుట్టింది, జెమీమా అని పేరు పెట్టుకున్నారు. కోర్సు అయిపోయింది గానీ ఇక్కడ శాశ్వతంగా ఉండనిచ్చే పీఆర్ దరిదాపుల్లో లేదు. విన్నిపెగ్‌లో అయితే అద్దెలు తక్కువ, పీఆర్ తొందరగా వస్తుంది అని ఎవరో అన్నారు. ఆ మాట పట్టుకుని స్టెఫీ ఇక్కడ రెండో కోర్సుకి చేరింది. పిల్లి తన పిల్లల్ని ఏడిళ్లు తిప్పినట్టు, పరుపునీ కుక్కర్నీ పిల్లనీ వేసుకుని పెంబినా రోడ్డు పక్కన ఒక బేస్‌మెంట్లో దిగారు.

పగలు స్టెఫీకి క్లాసులు, సాయంత్రాలు కిరాణా దుకాణంలో షిఫ్టు. అతను రాత్రుళ్లు ఆఫీసులు ఊడ్చి, పగలు పిల్లని పెంచాడు. వంటింటి సింకులోనే స్నానం చేయించేవాడు. పప్పన్నం మెత్తగా పిసికి, నెయ్యి వేసి, వేడి పోయిందో లేదో పై పెదవికి ఆనించుకుని చూసి పెట్టేవాడు. బేస్‌మెంట్ కిటికీ నేల మట్టానికి ఉండేది కాబట్టి తండ్రీకూతుళ్లు దారిన పోయేవాళ్ల బూట్లు చూస్తూ పొద్దు గడిపేవాళ్లు. పిల్లకి అమ్మ అనడం కంటే నాన్న అనడం ముందొచ్చింది. స్టెఫీ చిన్నబుచ్చుకుంటుందని ఆ సంగతి కొన్నాళ్లు దాచిపెట్టాడు. గదిలోంచి తను బయటికెళితే ఏడ్చే మనిషి ఒకరు ఉండడం అతని జీవితంలో అదే మొదలు. స్నానానికి వెళ్లినా తలుపు అవతల కూర్చుని ఏడ్చేది. ఇమ్మాన్యుయేల్ తల తుడుచుకోకుండానే బయటికి వచ్చేవాడు.

ఆ రాత్రి పని పీఆర్‌కి పనికిరాదన్నారు. ఫుల్‌టైమ్ ఉద్యోగం ఉండాలి, ఒకేచోట కొన్ని నెలలు నిలకడగా చేయాలి, అప్పుడే రాష్ట్రం ఇచ్చే నామినేషన్‌కి అప్లై చేసుకోగలరు. స్టెఫీ కోర్సు అయిపోతే అతని పర్మిట్ కూడా అయిపోతుంది, అప్పుడు ముగ్గురూ పెట్టె సర్దుకోవాల్సిందే. తిరగ్గా తిరగ్గా ఈ లాండ్రీ వాళ్లు పిలిచారు. కానీ పగటి షిఫ్టే. డేకేర్లకి ఫోన్ చేస్తే వెయిట్‌లిస్ట్‌లో పేరు రాసుకుంటామన్నవాళ్లే తప్ప తీసుకురమ్మన్నవాళ్లు లేరు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. చివరికి స్టెఫీయే గోడవైపు తిరిగి పడుకుని ఆ మాట అంది, పిల్లని మా అమ్మ దగ్గరికి పంపేద్దామండీ అని. వాళ్లమ్మ బేబీ రేపల్లె దగ్గర ఏఎన్ఎమ్‌గా చేస్తోంది. పీఆర్ వచ్చాక తెచ్చుకుందామంది స్టెఫీ. వస్తే కదా అని ఇద్దరూ అనుకున్నారు, ఎవరూ పైకి అనలేదు. ఇక్కడే పుట్టింది గనక, ఆ ఇంట్లో ముగ్గురిలో ఈ దేశపు పౌరురాలు జెమీమా ఒక్కతే. తల్లిదండ్రులు ఇక్కడ ఉండడం కోసం, ఉండే హక్కున్న పిల్ల వెళ్లిపోవాల్సి వచ్చింది.

పిల్లని తీసుకెళ్లడానికి జ్ఞానవతి ఆంటీ ఒప్పుకుంది. తెలుగు సంఘంలో పరిచయం. కూతురి పురిటికి వచ్చి, విజిట్ గడువు అయిపోయి ఈ సాయంత్రమే తిరిగి వెళుతోంది. నలుగురు పిల్లల్ని కని, చర్చిలో ఊరందరి పిల్లల్నీ ఎత్తుకు తిప్పిన మనిషి. మంచిది, పెత్తనమూ ఎక్కువే. పిల్ల ఇంకా తల్లిపాలు తాగుతోందని తెలిసి, ఇండియన్ స్టోర్ నుంచి కాకరకాయలు తెప్పించి రసం తీసి స్టెఫీ చేత పూయించింది. పిల్ల మొహం వికారంగా పెట్టి, తల్లిని అనుమానంగా చూసి, రెండో రోజుకి మానేసింది. తర్వాత ఆంటీ చూపు ఇమ్మాన్యుయేల్ మీద పడింది.

"పాలు మాన్పించడానికి కాకరకాయ ఉంది. నిన్ను మాన్పించడానికి ఏముంది చెప్పు?" అంది. "ఇది నీకు అలవాటు పడిన పిల్ల. విమానంలో నీ మీద బెంగపెట్టుకుంటే నేను మొయ్యలేను. ఈ వారం మా దగ్గరే ఉంచుతాను. స్టెఫీ వచ్చి పోతుండొచ్చు. నువ్వు మాత్రం కనబడకు నాయనా."

సరేనండి అన్నాడు. కాదనడం అతనికి ఎప్పుడు అలవాటైంది గనక. ఆదివారం ప్రార్థన అయ్యాక పిల్ల బిస్కెట్ల పళ్లెం మీద పడినప్పుడు, అందరూ కళ్లతో సైగ చేస్తే, పక్క తలుపులోంచి బయటికి వచ్చేశాడు. మర్నాడే లాండ్రీలో చేరాడు.

భోజనాల బెల్లు మోగింది. ఇమ్మాన్యుయేల్ క్యారేజీ ముట్టుకోకుండా కోటు తొడుక్కుని పార్కింగ్‌లోకి నడిచాడు. చలికి ఇంజన్ గడ్డకట్టకుండా కారుకి పెట్టిన కరెంటు తీగ పీకి, చుట్టి, స్టార్ట్ చేశాడు. ఈ వారమంతా అతను చేస్తున్న దొంగపని ఇదే. ఆంటీ కూతురి ఇల్లు అక్కడికి దగ్గరే. ఆ వీధిలో ఎదురుగా కారు ఆపి, సీట్లో కిందికి జారి కూర్చుంటాడు. ముందు గది సోఫా మీద నిలబడి, అద్దానికి రెండు చేతులూ ఆనించి పిల్ల కనబడుతుంది. అంతే. కాసేపు చూసి వచ్చేస్తాడు.

కారు ఇంకా గేటు దాటలేదు, ఫోన్ మోగింది. ఆంటీ.

"నాయనా, రోజూ భోజనాల వేళకి మా ఎదురుగా ఆగే ఎర్ర కారు నీదేగా?"

అతను బ్రేకు తొక్కాడు.

"తిట్టడానికి చెయ్యలేదులే. అది ఆ కారుని పోల్చుకుంటోంది. నువ్వు వెళ్లిపోయాక చీకటి పడేదాకా కిటికీ వదలదు. నిన్న ముద్ద ముట్టలేదు. ఈ ఒక్క పూటా ఓర్చుకో. ఎయిర్‌పోర్టుకి కూడా రావద్దు, మా అల్లుడు దింపుతాడు."

"సరేనండి ఆంటీ" అన్నాడు.

కారు వెనక్కి తీసి, మళ్లీ తీగ తగిలించి, అందులోనే కూర్చున్నాడు. పిల్ల అన్నం మానేసింది తన వల్లే. తను చూసుకుని సంతోషపడ్డాడు, అది చూసి కుమిలిపోయింది. ఇంత బుద్ధి తక్కువ మనిషిని నేను ఎక్కడా చూడలేదని తన్ను తాను తిట్టుకున్నాడు. కానీ ఆ తిట్టు కిందే ఇంకో మాట కదులుతోంది. దాన్ని ఏమార్చి పంపేస్తున్నాం.

ఏమార్చడమంటే ఏమిటో అతనికి తెలుసు. తండ్రి పోయాక, పొగాకు ఆరబెట్టే బ్యారన్లలో కూలికి వెళ్లే తల్లి అతన్ని మిషన్ హాస్టల్లో చేర్చడానికి తీసుకెళ్లింది. ఒకటో తరగతి వయసు. చర్చి వెనకాల పెద్ద గంట ఉందట, చూసి రా అంది. వెళ్లి చూసి, దాన్ని కొంచెం తాకి, సంబరంగా చెప్పడానికి పరుగెత్తుకొస్తే ట్రంకుపెట్టె ఉంది, అమ్మ లేదు. వార్డెన్ గారు ఏదో చెబుతున్నా వినకుండా గేటు దగ్గర కూర్చున్నాడు. అన్నం గంట కొట్టినా లేవలేదు. నువ్వు ఏడిస్తే వెళ్లలేనురా, అందుకే అలా వచ్చేశాను అని పెద్దయ్యాక తల్లి చెప్పుకుంది. ఆమెని ఏమీ అనలేదు. అనడానికేముంది, కడుపు చేతబట్టుకున్న మనిషి. అయితే అప్పటి నుంచీ ఎవరైనా ఇప్పుడే వస్తానని లేచినా అతని లోపల ఏదో ఖాళీ అయిపోతుంది. బాత్రూమ్‌కి వెళ్లినా పిల్లకి చెప్పి వెళ్లేది అందుకే. అటువంటివాడు ఆదివారం పక్క తలుపులోంచి జారుకున్నాడు. తల్లికైనా ముంచుకొచ్చిన అవసరం ఉంది, మరి నాకు లేదా అని వాదించుకోబోయాడు గానీ ఆ వాదన తనకే రుచించలేదు.

మధ్యాహ్నం అతన్ని చిన్న గుడ్డల బల్ల దగ్గరికి మార్చారు. పుట్టిన పిల్లల్ని చుట్టే చారల గుడ్డలు రోలర్లలో ఇమడవు, చేత్తోనే మడవాలి. ఒకదాని మీద ఒకటి మడిచి పేర్చాడు. పేర్చి పేర్చి, షిఫ్టు అయ్యేలోగా ఒక నిర్ణయానికి వచ్చాడు. తన నిర్ణయమంటూ చెప్పుకోదగ్గది అతని బతుకులో అదొక్కటేనేమో. ఏడిస్తే ఏడవనీ. నాలుగు మాటలు మొహం చూసి చెప్పి పంపుతాను, దొంగలా పంపను.

ఎయిర్‌పోర్టులో వాళ్లు సామాను ఇచ్చేసి సెక్యూరిటీ వైపు వస్తున్నారు. ఆంటీ చంకలో పిల్ల, పక్కన స్టెఫీ బ్యాగు పట్టుకుని ఉంది. కాఫీ కొట్టు వరసలో నిలబడి కాసేపు చూశాడు. వద్దన్న పని చేయడం చేతకాని మనిషి కదా. వరస కదిలి, వెనకాల ఉన్న ఆయన భుజం తట్టాక, ఆ ఊపులోనే నడుచుకుంటూ వాళ్ల ముందుకి వెళ్లి నిలబడ్డాడు.

ఆంటీ మొహం పడిపోయింది. స్టెఫీ మాత్రం వద్దనలేదు, ఒక అడుగు పక్కకి జరిగి చోటిచ్చింది.

"జెమ్మీ" అన్నాడు. "నాన్ననమ్మా. నువ్వు అమ్మమ్మ దగ్గరికి వెళుతున్నావు. నాన్న రావట్లేదు. ఇక్కడే ఉంటాడు. చెప్పి పంపిద్దామని వచ్చాను."

రెండు చేతులూ చాచాడు. పిల్ల అతన్ని చూసింది. చాలాసేపు, రెప్ప వేయకుండా చూసింది. ఇప్పుడు ఏడుస్తుంది అనుకున్నాడు. నిజం చెప్పాలంటే ఏడవాలనే కోరుకున్నాడు. దాని ఏడుపు కోసమే అతను అంతదూరం వచ్చాడు.

పిల్ల ఏడవలేదు. మొహం తిప్పుకుని ఆంటీ భుజంలో దాచేసుకుంది. అతను ఇటువైపుకి వచ్చాడు. అది అటువైపుకి తిరిగింది. వేలితో బుగ్గ తాకితే భుజం ఎగరేసి తోసేసింది. చాచిన చేతుల్ని ఏం చెయ్యాలో తోచక ఇమ్మాన్యుయేల్ వాటిని అలాగే ఉంచాడు.

"అలక నాయనా" అంది ఆంటీ. ఆవిడ గొంతులో పెత్తనం పోయింది. "వారం రోజులు కనబడలేదని అలక. మరిచిపోవడం కాదిది, నా మాట నమ్ము."

"అవునండి" అన్నాడు.

అంతమంది పిల్లల్ని పెంచిన మనిషికి అలకేదో మరపేదో తెలియకపోదు. కానీ తెలిసీ ఓదార్పుకి అంటోందేమో. ఆ సంగతి తేల్చి చెప్పగలిగింది పిల్ల ఒక్కతే. దానికి ఇంకా రెండు మూడు మాటలు తప్ప రావు. వచ్చేసరికి ఎన్నేళ్లవుతుందో, అప్పటికి అడిగితే దానికి గుర్తుండదు. ఈ ఆలోచన కత్తిలా దిగింది. చెప్పి పంపడం వల్ల దానికి ఒరిగిందేమీ లేదు, తనకి మిగిలిందీ లేదు.

సెక్యూరిటీ వాళ్లు పాస్‌పోర్టులు చూశారు. పిల్లది కెనడా పాస్‌పోర్టు చూసి ఆఫీసరమ్మాయి నవ్వి, హాయ్ స్వీటీ అంది. ఆంటీ ఒకసారి వెనక్కి తిరిగి తల ఊపింది. ఆ భుజం మీద చిన్న తల అలాగే అటు తిరిగి ఉంది. మెషిన్ దాటారు, మలుపు తిరిగారు, కనబడలేదు.

స్టెఫీ నోటికి చున్నీ అడ్డం పెట్టుకుని అక్కడే కూలబడింది. ఆమెని లేవదీసి, భుజం చుట్టూ చెయ్యి వేసి, పార్కింగ్‌కి నడిపించాడు. కారు తలుపు తీసినప్పుడు గానీ ఆమె చంకలో ఒక ఉండ ఉందని అతను గమనించలేదు.

"స్నోసూట్" అంది స్టెఫీ. "అక్కడ దీంతో పనేముందని ఆంటీ విప్పేశారు."

మెడ నుంచి కాళ్ల దాకా పిల్లకి తొడిగే ఆ దళసరి చలి బట్టని ఇమ్మాన్యుయేల్ అందుకున్నాడు. మోకాళ్ల దగ్గర మురికిపట్టి ఉంది. తొందరలో లాగినట్టున్నారు, కుడి చెయ్యి లోపలికి తిరగబడిపోయింది, చిన్న గ్లవ్ ఒకటి ఇంకా అందులోనే ఇరుక్కుని ఉంది.