చెప్పుల జ్ఞానతండ్రి

తమాలీల కోసం నానబెట్టిన మొక్కజొన్న పొత్తుల పైరేకుల్ని అమ్మ ఒక్కొక్కటే దులిపి ఇస్తుంటే నేను వాటి మీద పిండి పూస్తున్నాను. మాంసం కూర పెట్టి మడత వేయడం చెల్లెలి పని. సిత్లాలి మడతలు వేస్తూనే ఉంది గానీ మనసు వాటి మీద లేదు. ఆవిరి కుండ వైపు తిరిగి ఇంగ్లీషులో మాట్లాడుతోంది.

"శుభోదయం. నా పేరు సిత్లాలి. నేను సివిల్ ఇంజనీరింగ్ రెండో సంవత్సరం చదువుతున్నాను. నీటి నిర్వహణ అంటే నాకు చాలా ఆసక్తి..."

"ఆ కుండ నీకు ఉద్యోగం ఇవ్వదే," అంది అమ్మ. "కూర తక్కువ పెడుతున్నావు, చూసుకో."

వారం నుంచి ఇంట్లో ఇదే పాఠం. మనం ఎవరమో అర నిమిషంలో చెప్పుకోవడం నేర్చుకోమని ఫ్రెస్నోలో కాలేజీ సలహాదారు చెప్పిందట. కాలువల ఆఫీసులో వేసవికి విద్యార్థుల్ని పనిలోకి తీసుకుంటారు. అది దొరక్కపోతే సిత్లాలి కూడా నాతో పాటు ద్రాక్ష షెడ్డులో పెట్టెలు నింపాలి. పెట్టెలు నింపడం తనకి కొత్త కాదు. కానీ ఒక్కసారి ఆ ఆఫీసు గడప దాటితే తన చదువు ఎటు వెళ్తుందో తెలుస్తుందని ఆశ. మా ఇంట్లో కాలేజీ మొహం చూసింది తనొక్కతే. మేము వదిలొచ్చిన పల్లెలో ఆరో తరగతి దాకా బడి ఉండేది, నా చదువు అక్కడితో సరి. అందుకే తనకి దారి చెప్పేవాళ్ళు ఇంట్లో లేరు.

"ఎన్ని మెయిళ్ళు పెట్టినా జవాబు లేదక్కా," అంది. "తెలిసినవాళ్ళ ద్వారా వెళ్ళాలట. మా క్లాసులో వాళ్ళ నాన్నలు ఇంజనీర్లు, మామయ్యలు లాయర్లు. మనకెవరు తెలుసు? ఎవరూ తెలీదు."

అమ్మ చేతిలో రేకు ఆగిపోయింది. నీళ్ళు మోచేతి దాకా కారాయి.

"ఎవరూ తెలీదా? నీ పదిహేనో పుట్టినరోజుకి కేకు ఎవరు పెట్టారే?"

"చాయో అత్త."

"బాజాలు?"

"కూకో మామయ్య."

"చెప్పులు?"

"చేమా మామయ్య. ఇప్పుడు అవన్నీ ఎందుకమ్మా?"

మాలో ఆడపిల్ల పదిహేనో పుట్టినరోజంటే పెళ్ళంత పండుగ, ఒక్కో ఖర్చు ఒక్కో జ్ఞానతల్లో జ్ఞానతండ్రో పెట్టుకుంటారు.

"గౌనుకి ఒకరు, కిరీటానికి ఒకరు, చివరికి మోకరిల్లే దిండుకి కూడా ఒక జ్ఞానతల్లి! చర్చిలో అందరూ నీ వెనక నిలబడ్డారా లేదా? కేకు తినేయగానే వాళ్ళ పని అయిపోయిందనుకున్నావా?"

"అది పండుగ. ఇది ఉద్యోగం."

"పండుగకే అంతమంది కావలసొచ్చారు. ఉద్యోగానికి ఇంకెంతమంది కావాలో నువ్వే చెప్పు," అని అమ్మ చేతులు తుడుచుకుని ఫోన్ తీసింది.

ఆదివారం పూజ అయ్యాక అందరూ వచ్చేశారు. కుండ మూత తీయకముందే వాకిలంతా కుర్చీలు. సిత్లాలి సిగ్గుతో ఎర్రబడిపోయి ఒక మూల నిలబడింది. కాలువల ఆఫీసులో ఎవరికైనా ఎవరైనా తెలుసా అని అమ్మ వరసగా అడుగుతూ వచ్చింది.

"నాకు తెలిసిన ఆఫీసరు ఒక్కడే, ట్రాఫిక్ పోలీసు," అన్నాడు కూకో మామయ్య. "వాడు నన్ను మర్చిపోవాలని రోజూ మొక్కుకుంటున్నా."

"ట్రాక్టరు పని అయితే రేపే ఇప్పిస్తా," అన్నాడు చేమా మామయ్య.

"దానికి ఇంత చదువెందుకు? ట్రాక్టరే నిన్ను తోలుతుంది కదా," అంది చాయో అత్త. చేమా మామయ్యే అందరికంటే గట్టిగా నవ్వాడు. అత్త ఇంకో తమాలీ విప్పుతూ, "కాలువల ఆఫీసంటే మన గ్రాసియేలా పనిచేసేదేనా?" అంది.

అందరం ఆవిడ వైపు తిరిగాం.

"ఏంటలా చూస్తారు? ఇంజనీర్లు కేకులు తినరా? ఏటా వాళ్ళమ్మ పుట్టినరోజుకి పాలల్లో నానబెట్టిన కేకు చేసేది నేనే. ఈ శనివారమే ఇవ్వాలి."

"అలా ఇంటి మీదికి వెళ్ళిపోకూడదత్తా," అంది సిత్లాలి. "ముందు మెయిల్ రాయాలి. టైము అడగాలి. ఉద్యోగం ఇమ్మని అడగకూడదు, సలహా మాత్రమే అడగాలి."

"రాసుకో తల్లీ, ఎవరు కాదన్నారు? నేను మాత్రం ఫోన్ చేసి చెప్తా, కేకు నా పిల్ల చేత పంపిస్తున్నానని."

ఆ సాయంత్రమే చెల్లెలి మెయిల్‌కి జవాబు వచ్చింది. రమ్మన్నారు.

శనివారం కారు నేను నడిపాను. సిత్లాలి ఒళ్ళో కేకు పెట్టుకుని దారంతా పెదాలు కదుపుతూనే ఉంది. తలుపు తీసింది గ్రాసియేలా గారే. కేకు రెండు చేతులా పట్టుకుని చెల్లెలు గబగబా మొదలుపెట్టింది.

"శుభోదయం. నా పేరు—"

అప్పుడు సాయంత్రం నాలుగు.

"పేరు తర్వాత చెబుదువుగాని, ముందు కేకు లోపల పెట్టమ్మా. పాలు కారుతున్నాయి," అందావిడ.

లోపల బల్ల దగ్గర వాళ్ళమ్మ కూర్చుని ఉంది. తెల్లటి జడ, ముడతలు పడ్డ చేతులు. "ఎవరి పిల్లవే నువ్వు?" అంది మా భాషలో.

సిత్లాలి నా వైపు చూసింది. తన పాఠంలో ఈ ప్రశ్నకి జవాబు లేదు.

"అంపారో కూతుర్ని అవ్వా. ద్రాక్షతోటల పక్క వీధి."

"బోర్లు ఎండిపోయిన వీధా?"

"అదే అవ్వా. అప్పుడు నేను చిన్నపిల్లని. కుళాయి తిప్పితే అది దగ్గేది, నీళ్ళు వచ్చేవి కావు. అక్కా నేనూ ఫైర్ స్టేషన్ నుంచి బకెట్లతో మోసేవాళ్ళం. దారిలో కాలువ నిండుగా పారుతుండేది. పక్కనే ఇన్ని నీళ్ళుంటే మనకెందుకు లేవని అందర్నీ అడిగాను. 'నోరుమూసుకుని మొయ్యి' అనేది అక్క."

నేను తల వంచుకుని నవ్వుకున్నాను. నిజమే, అన్నాను.

గ్రాసియేలా గారు కేకు కోస్తున్న కత్తి పక్కన పెట్టింది. "ఎందుకో ఇప్పుడు తెలిసిందా?"

"సగం తెలిసిందండీ. మిగతా సగం మీ ఆఫీసులో ఉందేమో."

ముసలమ్మ బల్ల మీద చరిచి నవ్వింది. గ్రాసియేలా గారూ నవ్వింది. "మొదటిసారి ఆ ఆఫీసుకి వెళ్ళినప్పుడు నాకు శుభోదయం కూడా నోట రాలేదు. నువ్వు నయం, సాయంత్రమైనా చెప్పావు. చూడమ్మా, పని ఇవ్వడం నా ఒక్కదాని చేతిలో లేదు. మంగళవారం రా, కాలువ చూపిస్తూ మావాళ్ళు మాట్లాడతారు. ఇప్పుడు చెప్పింది వాళ్ళకీ చెప్పు. బట్టీపట్టిన ఆ పద్యం వద్దు."

మంగళవారం సిత్లాలి ఎత్తుమడమల చెప్పులతో వెళ్ళింది. గట్టు మీద బురదలో ఒక మడమ దిగబడిపోయిందట. రెండూ విప్పి చేత్తో పట్టుకుని, వట్టి కాళ్ళతోనే తూము దాకా నడుస్తూ వాళ్ళని ప్రశ్న మీద ప్రశ్న అడిగిందట. శుక్రవారానికి పని వచ్చింది. వార్త వినగానే కూకో మామయ్య ఫోన్లోనే బూర ఊదాడు. అమ్మ చెవికి దూరంగా పట్టుకుని, ఏడుస్తూ నవ్వింది.

సోమవారం పొద్దున్న మొదటి రోజు పనికి బయల్దేరుతుంటే చేమా మామయ్య ట్రక్కు వచ్చి ఆగింది. చేతిలో ఒక పెట్టె. సిత్లాలి కాళ్ళ వంక చూసి గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"ఇవి నేను కొన్న చెప్పులు కాదూ? తెల్లగా ఉండేవి!"

"అక్క నల్ల పాలిష్ వేసింది మామయ్యా."

"వీటితో కాలువ గట్టెక్కితే కప్పలు కూడా నవ్వుతాయి. కూర్చో."

పెట్టెలో గట్టి తోలు బూట్లు ఉన్నాయి. ఆడపిల్లకి మొదటి మడమల చెప్పులు నాన్న తొడగాలి. నాన్న లేడు కాబట్టి, పదిహేనో పుట్టినరోజున అందరి ముందూ మోకాళ్ళ మీద కూర్చుని, మామూలు చెప్పులు విప్పి ఆ మడమల చెప్పులు తొడిగింది చేమా మామయ్యే. ఇప్పుడూ అలాగే వంగాడు. మోకాళ్ళు టకటకమన్నాయి. మడమల చెప్పులు విప్పి పక్కన పెట్టి, బూట్లు తొడిగి తాళ్ళు బిగించాడు.

"చెప్పులకి జ్ఞానతండ్రిని అంటే ఒక్క జతకేనా?" అన్నాడు.

సిత్లాలి ఏదో చెప్పబోయింది. ఇంగ్లీషు ముక్క రాని అమ్మ పొయ్యి దగ్గరి నుంచి అందుకుంది.

"శుభోదయం. నా పేరు సిత్లాలి. నేను సివిల్ ఇంజనీరింగ్..." ఎక్కడా తడబడకుండా, ఇంగ్లీషులోనే, చివరిదాకా.

సిత్లాలి అమ్మనీ, మామయ్యనీ, నన్నూ చూసింది. కళ్ళు తుడుచుకుని, తమాలీల డబ్బా చంకలో పెట్టుకుని, దడదడమని మెట్లు దిగి వెళ్ళిపోయింది.