వెసులుబాటు ఎవరిది?

"రాళ్ళు ఎక్కడికి పోతాయే? అక్కడే ఉంటాయిగా" అన్నాడు భర్త, ఆమె అప్పుడే ఇస్త్రీ చేసిచ్చిన చొక్కాలోకి చేతులు దూరుస్తూ.

ఆమె పిత్తాశయంలో ఉన్న రాళ్ళ గురించి ఆ మాట. ఆమెకు మాత్రం రాళ్ళ మీద అంత నమ్మకం లేదు. అసలు దేనిమీదా లేదు. స్టవ్ కట్టేసి మళ్ళీ వెళ్ళి చూస్తుంది. చూశానో లేదో అని ఇంకోసారి వెళ్తుంది. కూతురు ఫోను ఎత్తకపోతే ఆమె ఆలోచన రోడ్డు దాటి, లారీ కింద దూరి, ఆసుపత్రి మెట్లెక్కి, డాక్టరు కళ్ళజోడు తీసి తల అడ్డంగా ఊపేదాకా ఆగదు. అందుకే ఇంట్లో ఆమెకు సైరన్ అని పేరు పెట్టారు. రోజూ మోగే సైరనుకి ఎవరు పరిగెడతారు? పొట్టలో నొప్పిగా ఉందన్నప్పుడు కూడా ఎవరూ పరిగెత్తలేదు.

ఆపరేషన్‌కి తేదీ దొరకక కాదు. దొరికిన ప్రతి తేదీకీ కాళ్ళొచ్చాయి. మొదట అత్తగారి కంటి ఆపరేషన్ అడ్డమొచ్చింది. పెద్దావిడ, కాదనలేం. తర్వాత మరిది ఇల్లు మారాడు. సామాను సర్దడానికి ఒక చెయ్యి కావాల్సి వచ్చింది, ఆ చెయ్యి ఈమెదే అయింది. తర్వాత భర్త ఆఫీసులో ఆడిట్. ఆడిట్ ఆయనకి, టిఫిన్ డబ్బా ఈమెకి. ప్రతిసారీ ఒకటే మాట: "నీదేముంది, ఇంట్లోనేగా ఉండేది. ఎప్పుడైనా చేయించుకోవచ్చు." నిజం చెప్పాలంటే తేదీ జరిగినప్పుడల్లా ఆమెకూ లోపల కాస్త హాయిగానే ఉండేది. మత్తిచ్చాక లేవకపోతే? లేచాక ఎవరినీ గుర్తుపట్టకపోతే? గుర్తుపట్టినా, ఇంట్లోవాళ్ళు ఆ నాలుగు రోజుల్లో వంటింటిని ఏం చేసి ఉంటారు? ఆమె మొహంలో ఆ హాయిని చూసి ఇంటిల్లిపాదీ తీర్పిచ్చేశారు: "అదే భయపడి వాయిదా వేస్తోంది." అత్తగారైతే ఫోనులో, "మా రోజుల్లో పొట్టలో ఏముందో ఎవరు చూశారమ్మా? కొండలున్నా మోసేవాళ్ళం" అంది.

ఈమధ్య మాత్రం గిన్నెలు కడుగుతూ కడుగుతూ సింకు పట్టుకుని అక్కడే కూలబడింది. డాక్టరమ్మ స్కాన్ చూసి, ఇంకా ఆలస్యం చేస్తే లోపల చీము పట్టి పగిలే ప్రమాదముందని గట్టిగా చెప్పి కొత్త తేదీ ఇచ్చింది. తను ఊహించుకునే ఘోరాన్ని అంత చదువుకున్న మనిషి కూడా ఊహించడం ఆమె జీవితంలో అదే మొదటిసారి. భయంతోపాటు ఆమెకు రవ్వంత గర్వం కూడా కలిగింది.

భర్త ఆ చొక్కాతో ఆఫీసుకి వెళ్ళాక ఆమె బఠాణీలు ముందేసుకుని భోజనాల బల్ల దగ్గర కూర్చుంది. ఎదురుగా కూతురు లాప్‌టాప్ తెరిచి తనలో తనే ఏదో అప్పజెప్పుకుంటోంది. తెరమీద రంగురంగుల అడ్డగీతలు, మగ్గం మీద చిక్కుపడ్డ నేతలా ఉన్నాయి. కట్టడాలు ఎందుకు ఆలస్యమయ్యాయో తేల్చడం కూతురి ఉద్యోగం. కట్టించేవాడూ కాంట్రాక్టరూ నష్టపరిహారం కోసం కొట్టుకుంటే, తప్పు ఎవరిదో ఈ పిల్ల లెక్క కట్టి మధ్యవర్తుల ముందు చెప్పాలి. ఆ సంగతి విన్నప్పుడు తోడికోడలు, "దానికి జీతం కూడా ఇస్తారా? మా ఇల్లు ఎందుకు లేటయిందో నేను ఊరికే చెప్తాను" అని బుగ్గలు నొక్కుకుంది. తల్లికి మాత్రం అప్పట్నించీ నిద్ర లేదు.

"నిన్ను బోనులో నిలబెడతారటే?"

"బోనేంటమ్మా! చక్కగా కుర్చీ వేస్తారు."

"కుర్చీ వేశారంటే చాలాసేపు అడుగుతారన్నమాట."

కూతురు నవ్వి తెర ఇటు తిప్పింది. "ఇలా చూడు. గోడ లేస్తేనే కిటికీ. కిటికీ పెడితేనే రంగులు. ఇందులో ఏది లేటయినా తాళాలివ్వడం లేటవుతుంది. కానీ ఈ తోటపని ఉందే, ఇది నెల లేటయినా ఎవరికీ నష్టం లేదు. దానికి వెసులుబాటు ఉంది."

"ఆ వెసులుబాటు ఎవరిది?"

"అబ్బ, ఎంత బాగా అడిగావే! గొడవంతా దానిమీదే. నాదంటే నాదని ఇద్దరూ లాక్కుంటారు. కాగితంలో రాసుకోకపోతే ఎవరు ముందు వాడేసుకుంటే వాళ్ళది."

"మరి తోటమాలిది కాదూ?"

"తోటమాలిని ఎవరడుగుతారమ్మా!"

బఠాణీ గింజ ఒకటి ఎగిరి బల్ల కింద పడింది. ఆమె వంగలేదు. "అందరూ వాడేసుకుని, అయిపోతే?"

"అయిపోతే ఇంకేముంది, ఆ తోటపనే అన్నిటికన్నా ముఖ్యమైపోతుంది. దాన్నింక ఒక్కరోజు కూడా కదపలేం."

ఆమె చెయ్యి దానంతటదే పక్కటెముకల కిందికి వెళ్ళింది. ఇన్నాళ్ళూ తన రోజులన్నీ ఇంట్లో ఎవరికి కావలసినప్పుడు వాళ్ళు చెయ్యి పెట్టి తీసుకునే పోపులడబ్బాలా ఉన్నాయి. తీసుకున్నవాళ్ళు మూత కూడా పెట్టలేదు. తను ఎందుకు అడగలేదు? అడిగితే ఏమైపోతుందో అని. ఏమైపోతుందో అనుకోవడంలోనే జుట్టు సగం నెరిసిపోయింది.

సాయంత్రం భర్త వచ్చి టీ తాగుతుంటే కూతురి ఫోను మోగింది. మాట్లాడి వచ్చి తల్లి కుర్చీ పక్కన గారంగా కూలబడింది.

"అమ్మా, నీ ఆపరేషన్ రోజే నా వాదన పెట్టారు. రెండు వారాలు జరుపుదామా? నాన్నకి ఆసుపత్రిలో కూర్చోవడం చేతకాదు. నేనుంటేనేగా నీకు ధైర్యం?"

"మంచి మాటన్నావు" అన్నాడు భర్త, కప్పు దించి. "నాకూ ఆ రోజు మీటింగుంది, ఎలా చెప్పాలా అని చూస్తున్నా. తనదేముంది."

ఆమెకి కోపం రాలేదు. కోపమొస్తే బీపీ పెరుగుతుందని భయం. చాలా మెల్లగా అంది, "ఇంక లేదమ్మా."

"ఏంటి లేదు?"

"వెసులుబాటు."

కూతురు మొహం మెడదాకా ఎర్రబడింది.

"అయిపోయిందా? చెప్పవేం మరి, వచ్చేటప్పుడు తెచ్చేవాణ్ణిగా" అన్నాడు భర్త.

"నాన్నా! అది కొట్లో దొరికేది కాదు" అని కూతురు లేచింది. "మీ ఆడిట్ అప్పుడే ఈ ఆపరేషన్ అయిపోవాల్సింది."

"నా ఆడిట్ సంగతెందుకు? అంతకుముందు మీ బాబాయి ఇల్లు మారలేదూ? అయినా మీ అమ్మకే భయం!"

"భయం నిజమే. మనం తేదీ జరుపుతూ పోబట్టేగా ఆ భయానికి అంత తీరిక దొరికింది? నాదీ తప్పే, నేనూ ఇప్పుడు..."

"అలా అయితే నువ్వే ఉండు దగ్గర."

"మీకు మీటింగు ముఖ్యమా?"

"నీకు వాదన ముఖ్యమా?"

ఆమె వాళ్ళిద్దరి మధ్యలోంచి లేచి వంటింట్లోకి వెళ్ళింది. స్టవ్ వైపు ఒకసారి చూసి, ఆసుపత్రికి ఫోన్ కలిపింది. అవతలి అమ్మాయి గొంతు ఎప్పుడూ వినేదే.

"చెప్పండాంటీ, ఈసారి ఎప్పటికి మార్చమంటారు?"

"మార్చొద్దమ్మా. ఆ తేదీ అలాగే ఉంచు."

"ఆంటీ, మీరేనా? సరే సరే. మీతోపాటు ఎవరొస్తున్నారు? పేరు రాసుకోవాలి."

ముందుగదిలో గొంతులు పెరుగుతున్నాయి. ఆమె ఫోను చెవికి గట్టిగా ఆనించుకుంది.

"అది ఇంకా తేలలేదమ్మా, వాదన నడుస్తోంది. నేను మాత్రం వస్తున్నాను."