పదింటి పూలకు పందిరి

తెల్లారగట్ల కొబ్బరిచెట్టుకు కట్టిన లౌడ్‌స్పీకర్ దగ్గింది. దగ్గి, గురగురలాడి, నోట్లో నీళ్లు పోసుకుని మాట్లాడినట్టు పలికింది: "శనివారం పొద్దున పది గంటలకు... పూలదారి... పంది..." ఆ పైన మళ్లీ గురగుర. చివరికి "కమిటీ వస్తుంది" అన్న రెండు ముక్కలు మాత్రం కాలువ దాటి అవతలి గట్టుదాకా వినిపించాయి.

ఆరన్న కియెన్ వల ఊయలలోంచి లేచి కూర్చున్నాడు. పేరుకు ఆరు గానీ ఆయన ఆకలి ఒక్కనాడూ ఆరలేదు. "పందంట! విన్నావా ఎనిమిదమ్మా? కమిటీవాళ్లకి పందిని కాల్చాలంట!"

"నీకు కలలో కూడా పందే," అంది లువా, మొక్కల మధ్య గొంతుక్కూచునే. ఇంటికి ఏడో సంతానం, పిలుపుకు ఎనిమిది. ఆ ఊళ్లో మనుషుల్ని పుట్టిన వరస అంకెతో పిలుస్తారు, మొదటి బిడ్డనే రెండు అంటారు. ఒకటి అన్న అంకెను దయ్యాలకు వదిలేశారు. "పందెం అన్నారు. పూల పందెం."

కడగొట్టు మన్ సైకిలు దిగకుండానే తీర్పు చెప్పాడు. తోబుట్టువుల్లో ఆఖరివాడు కాబట్టి యాభై దాటినా అందరికీ కడగొట్టే. ఊరికి మాత్రం పెద్ద. "పందీ కాదు, పందెమూ కాదు. పందిరి. లౌడ్‌స్పీకర్ కిందే నిలబడి విన్నాను."

"కింద నిలబడ్డావు కాబట్టే మాట నీ నెత్తిమీంచి పోయింది," అంది లువా.

"సరే, ఏమన్నా అననీ," అన్నాడు మన్. "ఇంటికి నలుగురొస్తుంటే పందిరెయ్యమా? ఎండలో నిలబెట్టారని కమిటీ రేపు పది ఊళ్లలో చెప్పుకుంటే నేను తల ఎక్కడ పెట్టుకోను?"

దానికి ఎవరూ అడ్డు చెప్పలేదు. అక్కడ పెళ్లికి పందిరి, చావుకు పందిరి, అబ్బాయి పరీక్ష పాసైతే పందిరి. మనిషి గడప దాటి వస్తే మనిషి మీదికి నీడ రావాల్సిందే.

లువా గుండెల్లో మాత్రం వేరే గుబులు. పోయిన నెలే ఊరి సావడి గోడకు కాగితం అంటించారు. కమిటీ వచ్చి చూసి, కాలువ గట్లమీద నిండుగా పూసే దారుల్ని అలాగే ఉంచుతారట. పూయని గట్లకు సిమెంటు బిళ్లలు పరుస్తారట.

వంతెన నుంచి పడవల రేవుదాకా మూడొందల అడుగుల గట్టు ఆమెది. పదకొండేళ్ల కిందట ఒక్క పగిలిన బేసినుతో మొదలైంది. పదింటి పువ్వు గంగపాయల కూరకు దగ్గరి చుట్టం. అవే బొద్దు కాడలు, అదే సిగ్గులేనితనం. తుంచి గుచ్చితే చాలు, తుంచినచోటా బతుకుతుంది, గుచ్చినచోటా బతుకుతుంది. ఎరువు వద్దంటుంది, ఇసుక చాలంటుంది. ఒక్క ఎండ దగ్గర మాత్రం మహా పట్టుదల. పొద్దున్నంతా పిడికిలి బిగించి పడుకుని, పదింటి ఎండ ఒంటికి తగిలాకే కళ్లు తెరుస్తుంది.

ఆ సంగతి లువాకంటే బాగా తెలిసినది అవతలి గట్టున ఉంది. ఏడక్క థోమ్. పేరుకు ఏడు గానీ ఏడుపు ఎరగని మనిషి. పెళ్లై కాలువ దాటింది. ఇప్పుడు మోకాళ్లు పడవ ఎక్కనివ్వవు, కళ్లు మనుషుల్ని పోల్చనివ్వవు. వెలుగూ చీకటీ, కాస్త రంగులూ, అంతే. రోజూ పదింటికి గుమ్మంలో స్టూలు వేసుకుని ఇటు తిరిగి కూర్చుంటుంది. చెల్లెలి గట్టు మెల్లగా ఎర్రబడుతుంది, పచ్చబడుతుంది, నీళ్లమీద ఆ రంగులు ఊగుతాయి. "లేచాయే నీ పిల్లలు!" అని ఒక కేక పెడుతుంది. అక్కాచెల్లెళ్ల రోజువారీ మాట అదే. ఆ గట్టుమీద సిమెంటు పరిస్తే ఏడక్కకు మిగిలేది బూడిదరంగు నీళ్లు.

శనివారం మంచు విడవకముందే ఊరంతా దిగింది. వెదురు రాటలు పాతారు, వాటి నెత్తిన వంతెన నుంచి రేవుదాకా పెళ్లిళ్ల నీలం టార్పాలిన్లు లాగి కట్టారు. వంతెన దగ్గర కొబ్బరాకులతో నెమళ్లు అల్లి ద్వారం కట్టారు. కియెన్ ఎవరు వద్దన్నా వినకుండా పందిని నిప్పుల మీదకెక్కించాడు. అన్నిటికంటే గట్టి ముడి లువాయే వేసింది. ఎక్కడా చిల్లి లేకుండా, ఒక్క ఎండచుక్క కూడా అతిథుల మీద పడకుండా.

పందిరి కింద వెలుగు చెరువు అడుగున ఉన్నట్టు నీలంగా మారింది. మనుషులు మెల్లగా, ఈదుతున్నట్టు తిరిగారు. ఆ చల్లదనంలో లువాకు కూడా కాసేపు కునుకు పట్టింది. పూలన్నీ చేపపిల్లలై తన చీలమండల చుట్టూ తిరుగుతున్నట్టు కల వచ్చింది.

మెలకువ వచ్చేసరికి పడవ రేవులో ఉంది. కమిటీ పెద్ద న్యాన్ చేతిలో పుస్తకం, పెదవిమీద మర్యాద. ఆమె గట్టు వంక చూసింది. గడియారం వంక చూసింది. మళ్లీ గట్టు వంక చూసింది.

"పదింటి పూలన్నారు కదా పిన్నీ. పదీ పది అయింది."

గట్టు పొడవునా ఒక్కటంటే ఒక్క పువ్వు విచ్చలేదు. వేలకొద్దీ మొగ్గలు వడ్లగింజల్లా బిగుసుకుని పడుకున్నాయి.

"మా ఊరి పూలు కాస్త బద్ధకం తల్లీ," అన్నాడు కియెన్. "ఈలోపు ఓ ముక్క పంది..."

"నోర్ముయ్ ఆరన్నా!"

లువా నేలమీద కూలబడి ఒక మొగ్గను వేళ్లతో నిమిరింది. నీళ్లెక్కువయ్యాయా? తెగులా? పదకొండేళ్లలో ఒక్క మబ్బుపట్టిన రోజు తప్ప ఇలా ఎప్పుడూ లేదు. ఈరోజు ఆకాశం అద్దంలా ఉందని అందరూ అంటున్నారు!

"పాటు మొదలైంది పిన్నీ. నీళ్లు తీసేస్తే పడవ బురదలో కూర్చుంటుంది. అరగంటే ఉండగలం," అంటూ న్యాన్ కలం మూత తీసింది.

అప్పుడే నీళ్లమీదుగా వచ్చింది కేక. "ఏయ్ ఎనిమిదీ! ఏమైందే నీ పిల్లలకి?"

"తెలీదక్కా! లేవట్లేదు!"

"ఎలా లేస్తాయే! నెత్తిన ఆ నీలం దుప్పటేంటే? దుప్పటి కప్పి లేవలేదంటావేం! గుడ్డిదాన్ని నాకు కనబడుతోంది, నీకు కనబడదా?"

లువా తలెత్తి పైకి చూసింది. తన చేతులతో తాను వేసిన ముడి.

"కోసెయ్యండి!" అని అరిచింది. "కడగొట్టూ, కత్తి! పందిరి పీకెయ్యండి!"

"అతిథులకి ఎండ..." అంటూనే మన్ రాట ఎక్కాడు. తాళ్లు తెగాయి. నీలం ఆకాశం మడతలు మడతలుగా కూలి కాలువలో పడింది. దాని వెనకే అసలు ఆకాశం దిగింది. ఊళ్లో ఆడవాళ్లు తమ తాటాకు టోపీలు తీసి కమిటీ నెత్తిన పెట్టి, తాము ఉత్త తలలతో నిలబడ్డారు. చెమట కారుతోంది, నీళ్లు దిగుతున్నాయి.

వంతెన పక్కన ముందు ఒక మొగ్గ ఒళ్లు విరుచుకుంది. దాన్ని చూసి పక్కది. చప్పుడు లేదు గానీ అందరికీ ఏదో వినిపిస్తున్నట్టే ఉంది. ఎరుపు కదిలింది, దాని అంచున పసుపు, ఆ వెనక నారింజ, తెలుపు, గులాబీ. నిద్రలో నవ్విన పసివాడి మొహంలా గట్టు వంతెన నుంచి రేవుదాకా మెల్లమెల్లగా విచ్చుకుంది. తేనెటీగలు ఎక్కడ దాక్కున్నాయో గానీ ఒక్కసారిగా దిగాయి.

"లేచాయే!" అంది అవతలి గట్టు.

న్యాన్ కలం చాలాసేపు గాల్లోనే ఉండిపోయింది. తర్వాత పుస్తకంలో రాసి, రాసింది లువాకు చూపించింది: 'ఈ దారి ఉంచాలి. సిమెంటు వద్దు.' లువా తలూపింది.

"అది సరే గానీ, పందిరి వెయ్యమని మీకెవరు చెప్పారు బాబాయ్?" అంది న్యాన్.

"మీరే చెప్పించారుగా, లౌడ్‌స్పీకర్లో," అన్నాడు మన్.

"పందెం అన్నారు!" అంది లువా.

"పంది!" అన్నాడు కియెన్, చేతిలో ముక్కతో సహా.

న్యాన్ పుస్తకం అట్ట తిప్పి వాళ్ల ముందు పెట్టింది. అక్కడ దారుల జాబితా ఉంది. "మేం చెప్పించింది 'పూలదారి పందొమ్మిది' అని. మీ దారి నంబరు అది. పందిరీ లేదు, పందెమూ లేదు, పందీ లేదు."

గట్టంతా ఘొల్లుమంది. తాను ఏది విన్నా పందిరి వేసేవాణ్నేనని మన్ ఒప్పుకున్నాడు. ఇంక ఆ ముచ్చట తెలియని మనిషి ఒక్కతే మిగిలింది. లువా నీళ్ల అంచుకు వెళ్లి రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఏడక్కా! పందిరి కాదట! పందొమ్మిదట!"

నీళ్లమీదుగా జవాబు వచ్చింది. "పందొమ్మిదా? నాకిక్కడికి ఐదు రంగులే కనిపిస్తున్నాయే. ఐదు చాల్లే!"