గోడ మీద ఇరవై డిగ్రీలు

మా ఇంట్లో హీటింగ్ మీటలు నేను తప్ప ఎవరూ ముట్టుకోకూడదని ఒక రూలు ఉండేది. పెట్టింది నేనే. నా పేరు దామోదర్, ఉద్యోగం సాఫ్ట్‌వేర్ టెస్టింగు. అంటే పదేళ్లుగా ఇతరుల తప్పులు పట్టుకోవడమే నాకు అన్నం పెడుతోంది. అలాంటి పని చేసేవాడికి ముక్కు మీద కోపం ఉండటం సహజమేనని నేను అనుకునేవాణ్ణి. మా ఆవిడ ప్రణీత అలా అనుకునేది కాదు.

ఇది రెండువేల పదిహేను చలికాలం సంగతి. భూమధ్యరేఖకి దక్షిణాన ఉన్న ఈ దేశంలో చలికాలం జూన్‌లో మొదలవుతుంది. హామిల్టన్‌లో, రోటోటూనా అనే పేటలో మేం ఇల్లు కొని అప్పటికి ఏడాదయింది. నేలలోని జాలీల గుండా ప్రతి గదికీ వేడిగాలి వచ్చే గ్యాస్ హీటింగ్ ఉన్న ఇల్లు. దానికి పాతకాలపు తిప్పుడు మీట ఒకటి ఉండేది. అది నాకు నచ్చక, మనిషిని పిలిపించి, ప్రోగ్రాం చేసుకునే థర్మోస్టాట్ పెట్టించాను. నడవా చివర గోడకి ఛాతీ ఎత్తున ఉంటుంది, అరచెయ్యంత తెల్లటి డబ్బా. రోజుని నాలుగు భాగాలు చేసి ఏ భాగంలో ఎంత వేడి కావాలో చెప్పి పెడితే చాలు. తన చుట్టూ ఉన్న గాలి ఎంత వెచ్చగా ఉందో చూసుకుంటూ హీటరుని అదే వెలిగిస్తుంది, అదే ఆర్పుతుంది. దాని పుస్తకం నేను మూడుసార్లు చదివాను. ఇంటికొచ్చిన స్నేహితులకి కాఫీ కంటే ముందు దాన్నే చూపించేవాణ్ణి.

జూన్ చివర్లో మాకు పాప పుట్టింది. నెలలు నిండకుండా, ముప్పై నాలుగో వారంలోనే వచ్చేసింది. మూడు వారాలు ఆసుపత్రిలో ఉంచుకున్నారు. పంపడానికి నాలుగైదు రోజుల ముందు డాక్టరు మమ్మల్ని కూర్చోబెట్టి ఒక్క విషయం గట్టిగా చెప్పింది. పాప గది పగలైనా రాత్రయినా ఇరవై డిగ్రీలకి తగ్గకూడదు. గది చల్లగా ఉంటే తాగిన పాలన్నీ ఒంటిని వెచ్చగా ఉంచుకోవడానికే ఖర్చయిపోతాయి, బరువు పెరగదు. బరువు పెరగకపోతే మళ్లీ వార్డుకి తీసుకురావాలి.

ఆ మాట విని ప్రణీత కళ్లు తుడుచుకుంది. నాకు మాత్రం ధైర్యంగానే ఉంది. ఇది నా చేతిలో ఉన్న పని. ఇంటికొచ్చి వారంలో ఏడు రోజులకీ, రోజులో నాలుగు భాగాలకీ ఇరవయ్యే పెట్టాను. పాప గదిలో థర్మామీటరు పెట్టి రెండు రోజులు గంటగంటకీ రాసుకున్నాను. ఎక్కడా తేడా లేదు.

పురిటి సాయానికి మా అత్తగారు ఇందిరాదేవిగారు బాపట్ల నుంచి అప్పటికే వచ్చి ఉన్నారు. ఆవిడ నెమ్మదస్తురాలు. అల్లుడింట్లో ఉన్నానన్న మొహమాటం ఒక్క నిమిషం కూడా వదిలేవారు కాదు. నేను గదిలోకి వస్తే లేచి నిలబడేవారు. వచ్చిన రోజునే ఆవిడని నడవాలోకి తీసుకెళ్లి డబ్బా చూపించాను.

"అత్తయ్యగారూ, ఇల్లు మీది. ఏదైనా వాడుకోండి. ఇది ఒక్కటి మాత్రం ముట్టుకోకండి."

"అయ్యో, నాకెందుకు బాబూ అది" అన్నారావిడ, చేతులు రెండూ వెనక్కి పెట్టుకుని.

ఆవిడ నన్ను అడిగింది ఒకే ఒకటి. పాపకి నాలుగు కిలోలు వచ్చేదాకా రోజూ పొద్దున్నే ఐదు వత్తుల దీపం పెడతానని మొక్కుకున్నారట. దేవుడికి చిన్న గూడు కావాలి, ఈశాన్యంలో అయితే బాగుంటుంది. ఈ దేశంలో సూర్యుడు ఉత్తరం వైపు తిరుగుతాడు, మరి ఈశాన్యం సంగతేమిటని నాకు అనుమానం వచ్చింది కానీ, మాట్లాడకుండా ఫోనులో దిక్సూచి చూసుకుంటూ ఇల్లంతా తిరిగాను. ఈశాన్యం సరిగ్గా నడవా చివర తేలింది. పాప ఇంటికొచ్చే ముందు రోజు, శనివారం, డ్రిల్లు పట్టుకుని, మట్టం చూసుకుని, చక్కటి చెక్క గూడు బిగించాను. ఆవిడ ఎంతో సంబరపడ్డారు. నాకూ గర్వంగానే అనిపించింది.

ఆదివారం పాపని తెచ్చుకున్నాం. సోమవారం నుంచి నేను పనిలోకి వెళ్లాను. ఆఫీసు ఆక్లాండ్‌లో. అయిదున్నరకి కారు తీస్తే, పొగమంచులో పడి వెళ్లి, మళ్లీ ఇంటికి చేరేసరికి రాత్రి ఏడు. రాత్రంతా పాలిచ్చి అలసిపోయే ప్రణీతని పొద్దున్న ఆరు నుంచి తొమ్మిది దాకా పడుకోమని, ఆ మూడు గంటలూ పాపని అత్తయ్యగారు చూసుకునేవారు.

బుధవారం ఎనిమిదిన్నరకి నర్సు పాపని చూడటానికి ఇంటికొచ్చింది. ఆ సాయంత్రం నేను గుమ్మంలో బూట్లు విప్పుతుండగానే ప్రణీత చెప్పింది.

"దామూ, పాప గది పదహారు డిగ్రీలే ఉందట. బరువు ఏం పెరగలేదు. సోమవారం మళ్లీ తూస్తుందట. అప్పటికీ పెరగకపోతే వార్డుకే అంది."

బూట్లు విప్పడం ఆపి నడవాలోకి పరిగెత్తాను. డబ్బా మీద ఇరవై. పాప గదిలో ఇరవై. నా ప్రోగ్రాములో ఒక్క అంకె కూడా మారలేదు. మరి పొద్దున పదహారు ఎలా అయింది? ఇలాంటప్పుడు టెస్టరు వేసుకునే ప్రశ్న ఒకటే. నిన్నటిదాకా సరిగ్గా నడిచిన దాంట్లో కొత్తగా ఏం మారింది? మా ఇంట్లో కొత్తగా వచ్చింది అత్తగారు. పైగా ఆ డబ్బాలో ఒక సంగతి ఉంది. మధ్యలో ఎవరైనా మీట నొక్కి వేడి తగ్గిస్తే అది ఆ భాగం అయ్యేదాకానే ఉంటుంది. తర్వాత అది మళ్లీ నా ప్రోగ్రాముకే వచ్చేస్తుంది. అంటే సాక్ష్యం మిగలదు. నాకు అంతా తేటతెల్లమైపోయింది. వేడిగాలికి గొంతు ఎండిపోతోందని ఆవిడ ఒకసారి ప్రణీతతో అనడం నేను విన్నాను కూడా.

అన్నం దగ్గర అడిగేశాను. "అత్తయ్యగారూ, పొద్దున ఆ డబ్బా మీద ఏమైనా నొక్కారా?"

"లేదు బాబూ, నేను ముట్టుకోలేదు."

"మీరు ముట్టుకోక, ప్రణీత ముట్టుకోక, దానంతట అదే పదహారుకి పడిపోయిందా?" అన్నాను. గొంతు పెరిగిందని నాకు తెలుస్తూనే ఉంది. "పాప మళ్లీ ఆసుపత్రికి వెళ్తే ఎవరిది బాధ్యత?"

ఆవిడ వడ్డించడం ఆపి, గరిటె గిన్నెలో పెట్టి, తల వంచుకున్నారు. ప్రణీత నా వంక చూసిన చూపు నేను పట్టించుకోలేదు. భోజనం అయ్యాక ఒక తెల్లకాగితం తీసుకుని, 'ఎవరూ ముట్టుకోవద్దు' అని పెద్ద పెద్ద తెలుగు అక్షరాలతో రాసి, డబ్బా కింద అతికించాను. ముగ్గురు మనుషులున్న ఇంట్లో ఆ 'ఎవరూ' ఎవరో అందరికీ తెలుసు.

"అమ్మ ముట్టుకోలేదంటే ముట్టుకోలేదు. తను అబద్ధం ఆడదు" అంది ప్రణీత పడుకునే ముందు.

"మిషను కూడా ఆడదు" అన్నాను నేను.

గురు, శుక్రవారాల్లో ఆఫీసులో కూర్చున్నా మనసంతా ఇంటిమీదే. సోమవారం తూకం. నూరు గ్రాములైనా పెరగకపోతే ఆసుపత్రిలోని ఆ గాజుపెట్టెలూ ఆ వైర్లూ మళ్లీ మొదలు. సాయంత్రం వచ్చి చూస్తే డబ్బా మీద ఎప్పుడూ ఇరవయ్యే. కాగితం పనిచేసిందనుకుందామంటే నమ్మకం చాలడం లేదు. శనివారం సెలవు కదా, స్వయంగా పట్టుకుందామని నిర్ణయించుకున్నాను. అయిదున్నరకే లేచి, లైటు వెయ్యకుండా ముందుగదిలో సోఫాలో, నడవా కనిపించేటట్టు కూర్చున్నాను. సొంత ఇంట్లో, అత్తగారి మీద సీఐడీ పని. ఇప్పుడు రాస్తుంటే సిగ్గుగా ఉంది కానీ అప్పుడు మాత్రం చాలా పట్టుదలగా కూర్చున్నాను.

ఆరింటికి ఆవిడ తలంటుకుని, జుట్టుకి తువ్వాలు చుట్టుకుని వచ్చారు. నడవా చివరికి వెళ్లారు. దొరికారు, అనుకున్నాను. ఆవిడ కుందిలో నూనె పోసి, ఐదు వత్తులూ సర్ది, వెలిగించి, చేతులు జోడించారు. చీకట్లో ఆవిడ గొంతు చిన్నగా వినిపించింది.

"రెండు కిలోల నాలుగు వందల దగ్గరే ఆగిపోయింది తండ్రీ. సోమవారానికి ఓ నూరు గ్రాములు వేసెయ్. ఆ అబ్బాయికి కూడా నిద్రా తిండీ లేవు. రాత్రీ పగలూ డ్రైవ్ చేస్తున్నాడు. కాస్త కనిపెట్టి ఉండు."

ఆ అబ్బాయి నేనే అని అర్థం కావడానికి నాకు కాసేపు పట్టింది.

ఆవిడ డబ్బా వైపు చెయ్యి కూడా చాచలేదు. పాప గదిలోకి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకున్నారు. నేను అక్కడే కూర్చుని, ఇక రారేమో, వస్తారేమో అనుకుంటూ కునుకు తీశాను. చలికి మెలకువ వచ్చింది. ఏడున్నర దాటింది. కాళ్లు కొయ్యబారిపోయాయి. నేలలోని జాలీ మీద చెయ్యి పెడితే గాలి రావడం లేదు. గబగబా నడవా చివరికి వెళ్లి డబ్బా చూశాను. ఇరవై నాలుగు అంటోంది.

ఇల్లంతా వణికిపోతుంటే దానికి ఇరవై నాలుగు ఎక్కడిది? డబ్బా దగ్గరికి వంగాను. మొహానికి వెచ్చగా తగిలింది. కింద నేను బిగించిన, పైన మూత లేని గూడులో ఐదు వత్తులూ నిండుగా వెలుగుతున్నాయి. వేడి తిన్నగా పైకి వెళ్లి డబ్బాకి తగులుతోంది. నేను అతికించిన కాగితం అంచులు గోధుమరంగు తిరిగి మెలిపడ్డాయి. దీపం వేడికి ఆ వెర్రి డబ్బా ఇల్లంతా వెచ్చగా ఉందనుకుని, హీటరుని ఆర్పేసి, నిశ్చింతగా కూర్చుంది. తొమ్మిదింటికి నూనె అయిపోతే మళ్లీ వెలిగిస్తుంది. సాయంత్రం నేను వచ్చేసరికి అంతా ఇరవై.

టీవీ దగ్గర పెట్టవద్దని ఆ పుస్తకంలో ఉంది. ఎండ తగిలే చోట వద్దని ఉంది. దేవుడి గూడు సంగతి లేదు. కానీ ఈ మాత్రం తెలియడానికి పుస్తకం అక్కర్లేదు. ఆ గూడు కొట్టింది నేను. ఆ నాలుగు స్క్రూలూ మట్టం చూసి మరీ బిగించింది నేను. తల కొట్టేసినట్టయింది నాకు.

పాప గది తలుపు తోశాను. ముందుగదిలాగే అక్కడా వణికించే చలి. ఉయ్యాల మంచం ఖాళీగా ఉంది. అత్తయ్యగారు కుర్చీలో కూర్చుని, రెండు స్వెట్టర్లు వేసుకుని, వాటి లోపల గుండెల మీద పాపని పడుకోబెట్టుకుని, పైన శాలువా చుట్టుకుని ఉన్నారు. పాప టోపీ మాత్రం మెడ దగ్గర కనిపిస్తోంది. ఆవిడ పాదాలకి మేజోళ్లు కూడా లేవు. నన్ను చూసి లేవబోయారు. నేను నోరు తెరవకముందే అన్నారు.

"నేను ముట్టుకోలేదు బాబూ."

నాకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు. అక్కడే నేలమీద చతికిలబడ్డాను.

"మీరు ముట్టుకోలేదు అత్తయ్యగారూ. తప్పు నాది" అన్నాను. డబ్బా సంగతి, గూడు సంగతి చెప్పాను. ఆవిడ చివరిదాకా విన్నారు.

"అంటే నా దీపం వల్లనే పాపకి చలి వేసిందా బాబూ?"

"పాపకి చలి ఎక్కడ వేసింది? రోజూ ఈ మూడు గంటలూ ఇలాగే పెట్టుకుని కూర్చుంటున్నారా?"

"సోమవారం నుంచీ. గది మరీ చల్లగా ఉందని. నర్సమ్మ వచ్చినప్పుడు తూచాలని తీసి మంచంలో వేశాం, అంతే."

"అయితే మీరే పాపకి హీటరు" అన్నాను. ఊరడించడానికి అన్న మాట కాదది. గూడుని ఆ రోజే వేరే గోడకి మార్చాక, సోమవారం నర్సు తూచి నూట ముప్పై గ్రాములు పెరిగిందనీ, వార్డు అక్కర్లేదనీ చెప్పింది. ఆ రెండు రోజుల వేడికే అంత పెరిగిందంటే నేను నమ్మను. కానీ ఆ శనివారం పొద్దున ఇదేమీ తెలియదు. నాకు ఒక్కటే అర్థం కాలేదు, అదే అడిగాను.

"అయిదు రోజుల నుంచీ గది ఇంత చల్లగా ఉంటే నాతో ఒక్క మాట చెప్పలేదేం అత్తయ్యగారూ?"

ఆవిడ పాప టోపీ సర్దుతూ, నిష్ఠూరం ఏమీ లేకుండా, మామూలుగానే చెప్పారు.

"చెబితే మీకు కోపం వస్తుందేమోనని."

నా కోపం చూసి ఆఫీసులో కుర్రాళ్లు జడుస్తారని నాకు లోలోపల గొప్పగా ఉండేది. ఆ కోపానికి భయపడి ఒక పెద్దావిడ అయిదు రోజులు నోరు మూసుకుని, వట్టి కాళ్లతో ఈ చలిలో కూర్చుంది. గది రోజూ చల్లబడుతున్న సంగతి నాదాకా రాకుండా చేసింది నా కోపమే. ఆ స్వెట్టర్ల లోపల నిద్రపోతున్న రెండున్నర కిలోల పిల్ల కూడా రేపు పెద్దదై, చలేసినా, దెబ్బ తగిలినా, నాన్నకి కోపం వస్తుందని చెప్పకుండా ఊరుకుంటుందని తోచింది. నాకు నిజంగా భయం వేసింది.

"నాకు కోపం వస్తే రానివ్వండి. మీరు మాత్రం చెప్పండి అత్తయ్యగారూ" అన్నాను.

ఆవిడ నా వంక ఈ అల్లుడి మాట ఎంతవరకు నమ్మవచ్చో తేల్చుకుంటున్నట్టు చూశారు.

"అయితే ఆ తలుపు వెయ్యండి బాబూ" అన్నారు. "మీరు తెరిచిపెట్టి కూర్చున్నారు. పాపకి చలిగాలి కొడుతోంది."

లేచి తలుపు వేశాను.