డబ్బా నుదుటి బొట్టు

శుక్రవారం మధ్యాహ్నం తెలుగు సినిమా రావాల్సిన చోట మళ్ళీ హిందీ సినిమా వచ్చేసరికి వరహాలమ్మకు ఒళ్ళు మండిపోయింది. ఒక్క వారమైతే పొరపాటనుకుని ఊరుకునేది. దసరా వెళ్ళినప్పటినుంచీ ఇదే వరస. ఆమె ఇంట్లో చాపల మీద సర్దుకుని కూర్చున్న రైల్వే క్వార్టర్ల ఆడవాళ్ళు కాసేపు చూసి, ఒక్కొక్కరే లేచి చెప్పులు వేసుకున్నారు.

ఆ సినిమా ఆమెకు కాలక్షేపం కాదు. పెళ్ళై విజయనగరం నుంచి రాయపూర్ వచ్చి ముప్ఫై ఏళ్ళు దాటింది. హిందీలో కూరగాయలు బేరమాడుతుంది, నీళ్ళు కలిపిన పాలవాణ్ణి దులిపేస్తుంది. అంతవరకే. నలుగురిలో కూర్చున్నప్పుడు మాత్రం అందరూ నవ్వాక తాను నవ్వాలి, ఏమన్నారని మొగుణ్ణి అడగాలి. ఆ అడుక్కోవడం ఆమెకు పరమ అసహ్యం. వారం మొత్తంలో ఆ ఒక్క మధ్యాహ్నమే, ఎవర్నీ ఏమీ అడక్కుండా, నవ్వొచ్చిన చోట నవ్వి ఏడుపొచ్చిన చోట ఏడిచేది. దాన్ని కూడా లాగేసుకున్నారు.

లాగేసుకున్నది ఊళ్ళోని కేబులు కంపెనీ. 1999లో, దసరాకు ముందు, వాళ్ళే ఇంటింటికీ ఒక నల్ల డబ్బా, దానికో చిన్న రిమోటు ఇచ్చి వెళ్ళారు. ఇకమీదట ఏ సినిమా వెయ్యాలో చూసేవాళ్ళే చెప్పాలట. హిందీ కావాలంటే ఒకటి నొక్కాలి, తెలుగుకు రెండు. నొక్కిన సంగతి డబ్బా కేబులు తీగ మీదుగా ఆఫీసుకు చేరవేస్తుంది. అడిగేవాళ్ళు ఉన్నంతకాలం శుక్రవారం తెలుగుదేనని మాట కూడా ఇచ్చారు. క్వార్టర్లలోని ఆడవాళ్ళంతా అప్పటినుంచీ రెండే నొక్కుతున్నారు.

మర్నాడు వరహాలమ్మ భర్త కొండలరావును వెంటబెట్టుకుని పండరీ పేటలో బట్టల బజారు వెనక ఉన్న కేబులు ఆఫీసుకు వెళ్ళింది. కొండలరావు గూడ్సు బండి గార్డు. నెమ్మదస్తుడు, హిందీ బాగా వచ్చు. అక్కడ దూబే అనే కుర్ర ఇంజనీరు వాళ్ళను కూర్చోబెట్టి, కంప్యూటరు చూసి చెప్పాడు. దసరా నుంచి మీ క్వార్టర్లలోని తెలుగిళ్ళలో ఎవరూ ఏమీ నొక్కలేదు, మీవాళ్ళకు ఆసక్తి లేదనుకున్నాం అన్నాడు.

కొండలరావు ఆ మాట తెలుగులో చెప్పాడు.

"నొక్కనేదా? యేలు అరిగిపోయినట్టు నొక్కినాం. మాకు ఆసక్తి నేదని ఈయనకెవుడు సెప్పినాడో అడగండి. మా ఇంటికొచ్చి సూసినాడేటి?" అంది వరహాలమ్మ.

"మేం నొక్కుతూనే ఉన్నాం సార్. వీలైతే ఒకసారి ఇంటికొచ్చి చూస్తారా అంటోంది" అన్నాడు కొండలరావు హిందీలో. పెళ్ళాం మాటల్లో కారాన్ని దారిలో కడిగేసి అవతలివాళ్ళకు అందించడం ఆయనకు ఏనాటినుంచో అలవాటు.

దూబే వచ్చాడు. టీవీ మీదున్న డబ్బాను చూసి ఒక్క క్షణం ఆగాడు. తరవాత పగలబడి నవ్వాడు.

ఆయుధపూజ నాడు ఇంట్లో పనిచేసే ప్రతి వస్తువుకూ పసుపు రాసి బొట్టు పెడతారు. వరహాలమ్మ కుట్టుమిషనుకు పెట్టింది, గ్యాసు పొయ్యికి పెట్టింది, కొండలరావు సిగ్నలు దీపానికి పెట్టింది. కొత్తగా ఇంట్లోకొచ్చిన డబ్బాను మరిచిపోతుందా? దాని ముందువైపు, సరిగ్గా నుదురు ఉండాల్సిన చోట, గుండ్రంగా నల్లని అద్దం ఒకటుంది. ఎవరు చూసినా బొట్టు అక్కడే పెడతారు. క్వార్టర్లలో ప్రతి తెలుగింట్లోనూ అక్కడే పెట్టారు. పండగ బొట్టు చేత్తో తుడవకూడదు కాబట్టి అది అలాగే ఎండి గట్టిపడింది. రిమోటు చెప్పే మాట డబ్బాకు చేరవలసింది ఆ అద్దంలోంచే.

దూబే ఎవరినీ అడక్కుండా బొట్టును గోరుతో గీకేశాడు. రెండు నొక్కాడు. డబ్బా అంచున ఆకుపచ్చ దీపం ఒకటి వెలిగింది. అది వెలగకపోతే నొక్కినట్టు కాదన్నాడు. అది వెలగాలని అప్పటిదాకా ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు, ఎవరూ చెప్పలేదు.

వరహాలమ్మకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి, కోపంతో. "నవ్వుతాడేటండీ? ఇది సేసినోడు ఒక్క ఇంటికైనా ఎల్లినాడా? పండగ పూట ఒక్క గుమ్మంలోనైనా నిలబడినాడా? బొట్టెట్టే సోట కన్నెట్టీసి, మా బుర్రలు పన్జెయ్యవని నవ్వుతాడా?"

"ముందే మా ఇళ్ళకొచ్చి చూసుంటే బాగుండేదంటోంది" అన్నాడు కొండలరావు.

"మా ఆఫీసులో అందరూ వాడి చూశారు. ఎవరికీ ఇబ్బంది రాలేదు" అన్నాడు దూబే. పైవాళ్ళకు చెబుతానని మాత్రం ఒప్పుకున్నాడు.

ఆ సాయంత్రం వరహాలమ్మ తడిగుడ్డ పట్టుకుని తెలుగిళ్ళన్నీ తిరిగింది. పక్కింటి బంగారమ్మ తన డబ్బాను ముట్టుకోనివ్వలేదు. అమ్మవారి బొట్టు తుడిస్తే ఇంటికి కీడంది. "ఆ కీడేదో నాకే తగలనీ, నీకు తగలదు" అని వరహాలమ్మే లెంపలు వేసుకుని తుడిచింది. ఆ వారం ప్రతి ఇంట్లోనూ రెండు నొక్కగానే దీపం వెలిగింది. శుక్రవారం మళ్ళీ హిందీ సినిమాయే వచ్చింది. ఆ నెల సినిమాలు ముందే ఖాయమైపోయాయని ఆఫీసువాళ్ళు చెప్పారు.

ఇంకొన్నాళ్ళకు దూబే కొత్త డబ్బాలతో వచ్చాడు. అతని ముఖం కళకళలాడుతోంది. వరహాలమ్మ ఇంట్లో పాతది తీసి కొత్తది తగిలించి చూపించాడు. అద్దాన్ని అడుక్కి, లోపలికి జరిపారు. దాని పక్కన హిందీలో ఏదో చీటీ అతికించారు.

"ఇక్కడ బొట్టు పెట్టవద్దని రాశారు" అన్నాడు కొండలరావు.

"బాగుంది. తెలుక్కి రెండేనా?" అంది వరహాలమ్మ.

కొండలరావు అడిగాడు. దూబే కొంచెం తడబడ్డాడు. రెండు ఇప్పుడు భజనలకట. దసరా తరవాతి లెక్కల్లో తెలుగు అడిగినవాళ్ళెవరూ కనబడలేదు కాబట్టి, కొత్త డబ్బాలో తెలుగు పెట్టలేదట. "కానీ ఇప్పుడు మీరేది నొక్కినా చక్కగా పనిచేస్తుంది" అన్నాడు.

కొండలరావు ఈ మాటను పెళ్ళానికి ఎలా చెప్పాలా అని వెతుక్కుంటుండగానే, దూబే నోట విన్న 'తెలుగు', 'భజన్' అన్న రెండు మాటలతో ఆమెకు అర్థమైపోయింది. చేత్తో ఆయన్ను ఆగమంది. డబ్బా తీగ ఊడబెరికింది. రిమోటుతో సహా తెచ్చి దూబే చేతుల్లో పెట్టింది. కూరగాయల బజార్లో నేర్చుకున్న హిందీలో తానే చెప్పింది.

"ఆఫీస్ మే రఖో. ఉధర్ కిసీకో తక్లీఫ్ నహీఁ."

మీ ఆఫీసులోనే పెట్టుకో, అక్కడ ఎవరికీ ఇబ్బంది లేదుగా అన్న ఆ మాటను ఈసారి ఎవరూ మెత్తబరచలేదు. దూబే డబ్బా పట్టుకుని బయటికి నడిచాడు. లోపలి మాటలన్నీ విన్న బంగారమ్మ అప్పటికే తన పాత డబ్బా చంకలో పెట్టుకుని మెట్ల దగ్గర నిలబడి ఉంది.