వీపు మీద బొట్టు

నేను ఒక కంప్యూటర్ తెరను. ఏ ఫ్యాక్టరీలో పుట్టానో గుర్తులేదు. బుద్ధి తెలిసేసరికి నల్లమల అంచున, అడవిమంటల మీద కన్నేసి ఉంచే ఓ ఆఫీసులో బల్లెక్కి కూర్చున్నాను. ఆకాశంలో ఉపగ్రహం అడవిని ఫొటోలు తీసి పంపేది, నేను చూపించేదాన్ని. పేరు దానికి, చాకిరీ నాకు!

నన్ను చదివే మనిషి ఇందుమతి. అబ్బ, ఏం కళ్ళండీ ఆవిడవి! తెల్లగా ఏది కనబడినా తక్కినవాళ్ళు మబ్బనేసి టీకి లేచిపోయేవారు. ఆవిడ మాత్రం వేడిని చూపే రెండో ఫొటో తెరిచేది. "మబ్బు చల్లన, ఇందులోనూ కనబడుతుంది. పొగైతే మాయమవుతుంది" అనేది. ఆ తర్వాత ఫొటోలన్నీ వరసగా కదిపి, నడక నేర్చే పిల్ల వెనక తల్లి నడిచినట్టు ఆ పొగ వెంటే నడిచేది. నాకెంత గర్వంగా ఉండేదో!

సూపరింటెండెంట్ పట్టాభిరామయ్యగారికి భక్తి జాస్తి. దసరాకు ఆయుధపూజ చేసి, నా అద్దం మీదే కింది మూల ఇంత గంధం పులిమి కుంకుమ అద్దారు. అది ఎండి అట్టకట్టింది. తుడిస్తే అరిష్టమని ఎవరూ ముట్టుకోలేదు. చూపు ఇచ్చేదానికి మొక్కి, ఆ చూపునే కప్పెట్టడం మనుషులకే చెల్లింది. బొమ్మను పక్కకు జరపొచ్చుగా అంటారేమో. రోజూ చూసే బొట్టు కంటికి ఆనితేగా!

వేసవి వచ్చింది. ఓ ఉదయం కొండకు నిప్పంటుకుంది. పొగ పడమటికి పోతోంది కదా అని అటవీశాఖ బీట్ ఆఫీసర్ ఓబులమ్మ తన మనుషులతో తూర్పువైపు లోయలోకి దిగింది. మంట పాకకుండా ముందుగానే పొదలు కొట్టేయాలని. ఇక్కడ ఇందుమతి ఉన్నట్టుండి ముందుకు వంగింది. పొగచార దిశ మార్చుకుని కింది మూలకు వచ్చి, బొట్టు దగ్గర ఆగిపోయింది.

"తోక ఇక్కడుంది, తల ఏది సార్?" అంటూ బొట్టు మీద గోరు పెట్టింది.

"అయ్యయ్యో, చెరపకమ్మా! అరిష్టం!"

"అరిష్టం దాని కిందే ఉంది సార్."

గీకేసింది. కింద ఓబులమ్మ దిగిన లోయ. సగం అప్పటికే తెల్లబడిపోయింది.

ఇందుమతి వైర్‌లెస్ అందుకుంది. "ఓబులమ్మా, పని ఆపేయ్! పొగ కొండ మలుపు తిరిగి మీ మీదికే వస్తోంది. వాగు దాటండి!"

"ఈడ ఆకాశం నీలంగా ఉండాది మేడమ్. ఇంగ కొంచెమే, కొట్టేస్తే అయిపోతాది."

"నీకు దణ్ణం పెడతా తల్లీ, కదులు!"

"సరే మేడమ్. నీ మాట మీద పోతాండా."

ఆ తర్వాత సెట్టు మూగబోయింది. పట్టాభిరామయ్యగారు గోడకు ఆనుకుని నిలబడిపోయారు. నా మీద లోయ మొత్తం తెల్లగా నిండిపోయింది. చూపించడం తప్ప ఏమీ చేతకాని బతుకు నాది.

చాలాసేపటికి దగ్గు వినిపించింది. "దాటినాం మేడమ్, అందరమూ. ఎనక్కి తిరిగి చూస్తే మేం నిలబడిన తావే కనపడ్ల్యా."

ఇందుమతి బల్ల మీద తల వాల్చి వెక్కి వెక్కి ఏడ్చింది.

మళ్ళీ దసరాకు పట్టాభిరామయ్యగారు గంధం గిన్నెతో నా ముందుకొచ్చారు. చెయ్యెత్తి, ఆగి, చుట్టూ తిరిగి వెనక్కి వెళ్ళారు. వీపు మీద బొట్టు పెట్టి, చాలాసేపు చేతులు జోడించి నిలబడ్డారు. ఆ తర్వాత ఏటా అంతే.

ఇప్పుడు పాత సామాన్ల కొట్టులో బోర్లా పడి ఉన్నాను. వచ్చినవాళ్ళు నా వీపు చూసి, "ఎవడ్రా, దీనికి వెనక బొట్టు పెట్టింది!" అని నవ్వుకుంటారు. నవ్వనీయండి. అది ఎందుకు వెనక్కి జరిగిందో ఆ వాగు దాటినవాళ్ళకు తెలుసు.