ఒక్కరే ఆపరేటర్

మా ఆయన చొక్కా కాలరు ఇస్త్రీ చేస్తూ కై-స్క్వేర్ సూత్రం లోలోపలే వల్లె వేసుకుంటున్నాను. పెదాలు కదలకూడదు. కదిలితే "ఎవరితో మాట్లాడుతున్నావు?" అంటాడు. జవాబు చెప్పినా, చెప్పకపోయినా ఆ ప్రశ్న అక్కడితో ఆగదు. కాలరు అయ్యాక చేతులు, భుజాలు, తర్వాత జేబు. జేబు దగ్గర చిన్న ముడత పడింది. నీళ్ళు చల్లి మళ్ళీ రుద్దాను. పదకొండింటికి నా డిగ్రీకి ఆఖరి గండం, ప్రాజెక్టు మీద మౌఖిక పరీక్ష. నలభయ్యో ఏట స్టాటిస్టిక్స్‌లో బీఎస్సీ పూర్తి చెయ్యబోతున్న మనిషిని, ఆ పొద్దున నేను భయపడింది ఎగ్జామినరుకి కాదు, ఆ ముడతకి.

మా ఆయన అరిచే మనిషి కాదు. ఈ మాట ముందే చెప్పాలి, ఎందుకంటే అరిచే మొగుళ్ళ గురించి అందరికీ తెలుసు. ఈయన బ్యాంకులో పనిచేస్తాడు. కౌంటరు దగ్గరికొచ్చిన ముసలివాళ్ళకి ఫారాలు తనే నింపి పెడతాడు. "మీ ఆయన ఎంత నెమ్మదస్తుడమ్మా" అని వీధిలో నన్ను ఆపి మరీ చెబుతారు. నిజమే, ఇంట్లోనూ నెమ్మదే. నెమ్మదిగా లేచి వంటింటి తలుపు వేస్తాడు. నెమ్మదిగా నా మణికట్టు పట్టుకుని వెనక్కి తిప్పుతాడు. తిప్పుతూ చెవి దగ్గర మాట్లాడతాడు, ముందుగదిలో టీవీ చూస్తున్న వాళ్ళమ్మకి వినపడనంత మెల్లగా. "ఎందుకిలా చేయిస్తావు నాతో?" అంటాడు. తర్వాత తలుపు తీసి, "అమ్మా, టీ తాగుతావా?" అని అడుగుతాడు. ఆ టీ నేనే పెడతాను, ఎడమచేత్తో.

అత్తగారికి వినపడకపోయినా తెలుసు. ఒకసారి నేను మణికట్టుకి మందు రాసుకుంటుంటే చూసి, "రెండు చేతులూ కలిస్తేనే చప్పుడు అమ్మాయ్" అంది. "వాడి కోపం తాటాకు మంట. నువ్వు కాస్త చూసుకుని మసులుకుంటే ఆ మంటా ఉండదు." ఇరవై ఏళ్ళుగా నేను చేస్తున్నది అదే కదా, చూసుకుని మసులుకోవడం. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, ఆయన ముఖం ముడుచుకుంటే చాలు, నేను ఆ రోజంతా వెనక్కి తిప్పి వెతుక్కునేదాన్ని. కూరలో ఉప్పెక్కువైందా, ఫోను మూడో రింగుకి ఎత్తానా, ఆఫీసు నుంచి రావడం పది నిమిషాలు ఆలస్యమైందా, ఆయన చెబుతుండగా మధ్యలో మాట్లాడానా. వెతికితే ఏదో ఒకటి దొరికేది. దొరకని రోజు ఉండదనిపించేది, రోజంతా పనిచేసే మనిషి దగ్గర.

నేను ఒక పెద్దాసుపత్రి రికార్డుల గదిలో పనిచేస్తాను, టెంపరరీగా. ఏ వార్డులో ఎంతమంది చేరారు, ఎంతమంది ఇంటికెళ్ళారు, ఎంతమంది వెళ్ళలేదు, అన్నీ కంప్యూటర్లో ఎక్కించడం నా పని. నెలాఖరు నివేదిక నేను తయారుచేస్తే కింద సంతకం సెక్షన్ ఆఫీసరుది. ఒక పట్టికలో ఆ ఆఫీసరు చేసిన తప్పు నేను చూపించిన రోజున, "ఎక్కించమన్నది ఎక్కించమ్మా, ఆలోచించమని నిన్నెవరడిగారు?" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు, నేనూ నవ్వాను. మర్నాడు దూరవిద్యలో డిగ్రీకి దరఖాస్తు పెట్టాను. "చదువుకో, నేనేమన్నా వద్దన్నానా" అన్నాడు మా ఆయన, నలుగురి ముందు. ప్రతి పరీక్షకీ బండి మీద తనే దింపి, మూడు గంటలూ గేటు దగ్గరే నిలబడేవాడు. తోటి అమ్మాయిలు "నువ్వు అదృష్టవంతురాలివి అక్కా" అనేవాళ్ళు. బయటికి రాగానే ఆయన అడిగేది పేపరెలా రాశానని కాదు, నా పక్క బల్ల మీద కూర్చున్నది ఎవరని.

మా అమ్మాయి నర్సింగ్ హాస్టల్‌కి వెళ్ళే ముందురోజు, బట్టలు సర్దుకుంటూ తలెత్తకుండా, "నేను లేకపోతే నాన్న ఇంకా ఎక్కువ చేస్తాడా అమ్మా?" అని అడిగింది. దానికి తెలుసని నాకు అప్పటిదాకా తెలీదు. "తెలీదే" అన్నాను. ఆ తెలీదు అన్న మాట నన్ను నిద్రపోనివ్వలేదు. స్టాటిస్టిక్స్ చదువుతున్నదాన్ని, తెలీకపోవడమేమిటి అనిపించింది. అప్పుడు మొదలుపెట్టాను పుస్తకం. దాన్ని ఆఫీసు డ్రాయరులో పెట్టి, పొద్దున వెళ్ళగానే ముందురోజుది ఒక వరస రాసేదాన్ని, మధ్యలో సెలవులొస్తే వాటివీ కలిపి. ఉప్పు, ఆలస్యం, ఫోను, ఎదురుమాట, ఒక్కోదానికి ఒక్కో గడి. నా వల్ల పొరపాటు జరిగితే ఒకటి, లేకపోతే సున్నా. ఆఖరి గడి తలుపుది. వంటింటి తలుపు వేశాడా, లేదా. ఇది చదువు కోసం చేసింది కాదు. ఏం చెయ్యకుండా ఉంటే ఆ తలుపు పడదో కనిపెడదామని.

ఆర్నెల్లు రాశాను. నూట ఎనభై రెండు రోజులు. నా పొరపాటు ఏదో ఒకటి ఉన్న రోజులు డెబ్భై నాలుగు, అందులో తలుపు పడ్డవి ఇరవై అయిదు. పొరపాటు లేని రోజులు నూట ఎనిమిది, అందులో తలుపు పడ్డవి ముప్ఫై ఆరు. అటు చూసినా ఇటు చూసినా మూడింట ఒక వంతే. కై-స్క్వేర్ అన్నది రెండు విషయాల మధ్య సంబంధం ఉందో లేదో చెప్పే లెక్క. మధ్యాహ్నం టిఫిన్ డబ్బా పక్కన పెట్టుకుని కట్టాను. దాదాపు సున్నా వచ్చింది. మళ్ళీ కట్టాను, ఉప్పుకి విడిగా, ఫోనుకి విడిగా. ఏ సంబంధమూ లేదు. నా తప్పు కాదని తెలిస్తే సంతోషం రావాలి కదా, రాలేదు. తప్పు నాదైతే దిద్దుకోవచ్చు. ఇరవై ఏళ్ళుగా నన్ను నిలబెట్టింది ఆ ఆశే. రేపు ఇంకాస్త బాగా చేస్తే రేపు తలుపు పడదు అన్న ఆశ. ఇప్పుడు ఇంక నేను చెయ్యగలిగింది ఏమీ లేదు. ఆ సాయంత్రం ఇంటికెళ్ళి కూరలో ఉప్పు ఎప్పటిలాగే సరిగ్గా వేశాను.

ప్రాజెక్టుకి ఏదైనా ఫ్యాక్టరీ డేటా తెచ్చుకొమ్మన్నాడు గైడు సారు. మిగతావాళ్ళు పాత ప్రాజెక్టులకి అట్ట మార్చి పెట్టేశారు. నాకు దొంగ లెక్క రాయడం చేతకాలేదు. నా దగ్గరున్న నిజమైన డేటా ఒక్కటే. దాన్నే "యంత్రం ఆగిపోవడానికీ, ఆపరేటర్ పొరపాట్లకీ సంబంధం" అని పేరు పెట్టి రాశాను. నేను ఆపరేటర్‌ని. ఆయన యంత్రం. తలుపు పడడం యంత్రం ఆగిపోవడం. గైడు సారు అట్ట చూసి సంతకం పెట్టాడు. మా ఆయన నాలుగు పేజీలు తిరగేసి, "ఫ్యాక్టరీల గురించి నీకేం తెలుసు?" అని నవ్వాడు. ఆ నవ్వు ఆగేదాకా నేను ఊపిరి పీల్చలేదు.

ఆయనకి తెలియనిది ఇంకొకటి ఉంది. మా రికార్డుల సూపరింటెండెంటు మేడం నా కోసం ఒక ఆర్డరు సిద్ధం చేయించి పెట్టింది. వేరే ఊళ్ళో మా యాజమాన్యానిదే ఇంకో ఆసుపత్రి, అందులో స్టాటిస్టికల్ అసిస్టెంటు ఉద్యోగం, ఆవరణలోనే ఉండటానికి గది. "పాసైన కాగితం చేతికి రానీ, ఆ రోజే బయల్దేరు. గది ఖాళీగానే ఉంది" అంది. నెలాఖరు దాటితే ఆ పోస్టు ఇంకొకరికి పోతుంది. ఈ పరీక్ష పోతే ఇంకో ఏడాది. ఇంకో ఏడాదంటే ఎన్నిసార్లు తలుపు పడుతుందో నాకు లెక్క తెలుసు.

పరీక్ష గదిలో పొడుగు బల్ల, నాలుగు కుర్చీలు, కిర్రుమనే ఫ్యాను. తలుపుకి గడియ విరిగిపోయింది, జానెడు సందు మిగిలి రెక్క అక్కడే ఆగిపోతోంది. ఆ సందులోంచి వరండాలో బెంచీ మీద మా ఆయన బూట్లు కనిపిస్తున్నాయి, పొద్దున నేనే పాలిష్ చేసినవి. ఒక కాలు ఊగుతోంది. ఎగ్జామినరు తల నెరిసిన పెద్దావిడ, బయటి కాలేజీ నుంచి వచ్చింది. కూర్చోగానే చెవిలోని మిషను సర్దుకుంటూ, "నాకు వినపడదమ్మా, గట్టిగా మాట్లాడు" అంది. ఆవిడ గొంతే వరండా చివరిదాకా వెళ్తుంది. నాకు పై ప్రాణాలు పైనే పోయాయి. గట్టిగా మాట్లాడి ఎన్నేళ్ళయిందో నాకు గుర్తు లేదు.

మొదటి పది నిమిషాలు లెక్కల మీద అడిగింది. చెప్పాను. "ఇంకా గట్టిగా" అంటే ఇంకా గట్టిగా చెప్పాను. తల ఊపింది. తర్వాత పట్టిక దగ్గర వేలు పెట్టి ఆగింది.

"ఇరవై ఆరు ఆదివారాలున్నాయి ఇందులో. పద్నాలుగు ఆదివారాలు యంత్రం ఆగింది. ఆదివారం కూడా ఫ్యాక్టరీ నడిచిందా?"

ఇంట్లో ఆదివారానికీ సోమవారానికీ నాకు తేడా లేదు. ఫ్యాక్టరీకి సెలవుంటుందన్న సంగతే తట్టలేదు.

"షిఫ్టులు లేవు. ఒక్కరే ఆపరేటర్. ఆర్నెల్లలో ఒక్క రోజు సెలవు లేదు. ఆ మనిషికి జ్వరం కూడా రాలేదా?"

"వచ్చింది మేడం."

"మరి ఆ రోజు ఎవరు నడిపారు?"

"తనే."

ఆవిడ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. "ఏ యంత్రమైనా మనిషి పొరపాటుకి ఎంతో కొంత ఆగుతుంది. ఇది దేనికీ ఆగదు, ఏమీ లేకుండానే ఆగుతుంది. ఇలాంటి ఫ్యాక్టరీ ఎక్కడుందమ్మా? నీకు లెక్క బాగా వచ్చు, నేను కాదనను. కానీ పొద్దున్నించి తొమ్మిది దొంగ ప్రాజెక్టులు చూశాను, తొమ్మిదింటినీ వెనక్కి పంపాను. డేటా అల్లినదైతే నిన్నూ పాస్ చెయ్యను. ఎక్కడ తీశావో చెప్పు."

సందులో బూటు ఊగడం ఆగింది. అడకత్తెరలో పోకచెక్క అంటే ఏమిటో ఆ కుర్చీలో తెలిసింది. ఏదో ఒక ఫ్యాక్టరీ పేరు చెబితే ఆవిడ ఫోను చేస్తుంది, అబద్ధం బయటపడుతుంది, డిగ్రీ పోతుంది, గది పోతుంది. నిజం చెబితే జానెడు దూరంలో ఆయన. నిజం చెప్పి బతకగలనా అని ఆలోచించాను. చెప్పకుండా బతికినదాని లెక్క నా ముందే ఉంది.

"మా ఇంట్లో మేడం" అన్నాను.

"వినపడలేదు."

"మా ఇంట్లో తీశాను. ఫ్యాక్టరీ లేదు. యంత్రం మా ఆయన. ఆపరేటర్‌ని నేను. ఆగడమంటే, ఆయన వంటింటి తలుపు వేసి నా చెయ్యి మెలితిప్పడం."

నా గొంతు గోడకి తగిలి నాకే వినపడింది. బయట బెంచీ కదిలిన చప్పుడు. తలుపు సందు పెద్దదైంది. మా ఆయన గుమ్మంలో నిలబడి, కౌంటరు దగ్గర నవ్వినట్టే నవ్వుతున్నాడు.

"మేడం, మా ఆవిడకి ఈ మధ్య ఒంట్లో బాగుండట్లేదు. నేను తీసుకెళ్తాను" అన్నాడు మెల్లగా.

"ఏంటి? గట్టిగా చెప్పండి" అంది ఆవిడ.

ఆయన నోరు తెరిచాడు. నా వైపు చూశాడు. మళ్ళీ అదే మాట, అంతే మెల్లగా అన్నాడు. ఆయనకి ఇంకో గొంతు లేదు.

"నాకు వినపడదు బాబూ. పరీక్ష జరుగుతోంది, బయట కూర్చోండి" అంది ఆవిడ. వరండాలో ఇద్దరు ముగ్గురు తలలు తిప్పి చూశారు. ఆయన వెళ్ళి కూర్చున్నాడు.

నేను బ్యాగులోంచి పుస్తకం తీసి ఆవిడ ముందు పెట్టాను. అసలు డేటా వెంట తెచ్చుకోవాలని నియమం, అందుకే ముందురోజు డ్రాయరులోంచి తీసి తెచ్చాను. దారంతా ఆ బ్యాగు ఆయన వీపుకీ నాకూ మధ్యే ఉంది. ఆవిడ ఒక్కో పేజీ చూసింది. ఉప్పు గడి, ఫోను గడి. జ్వరమొచ్చిన మూడు రోజుల దగ్గర వేలు ఆగింది. నన్ను ఓదార్చలేదు. మొత్తాలు పట్టికతో సరిచూసి, మార్కుల కాగితం మీద అంకె వేసి, సంతకం పెట్టి, "పాసైన కాగితం ఆఫీసులో గంటలో ఇస్తారు. నేనూ అక్కడే ఉంటాను" అంది. తర్వాత పుస్తకం ఆఖరి పేజీలు తిప్పింది.

"నూట ఎనభై రెండో రోజుతో ప్రాజెక్టు అయిపోయింది. ఆ తర్వాత కూడా రాస్తూనే ఉన్నావే. ఇంకా ఎన్నాళ్ళు రాస్తావమ్మా?"

తలుపు వైపు చూడకుండా ఉండటానికి బల్ల అంచు పట్టుకున్నాను. భయం ఎక్కడికీ పోలేదు.

"నిన్న రాసిందే ఆఖరుది మేడం" అన్నాను, ఆవిడకి వినపడేంత గట్టిగా.